టాకా వేసిన నిద్ర

మా ఇల్లు, కుట్టుమిషను బల్ల మీంచి

బామ్మర్దికి,

మేము క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెడితే రెండూ అబద్ధాలే అవుతాయి. కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావా? మొన్న మనం ఫోనులో మాట్లాడుకున్న తీరు గుర్తు తెచ్చుకో. ఈ పార్కిన్సన్స్ జబ్బు వచ్చాక నా గొంతు నాకే వినపడటం లేదు. నువ్వేమో ఏళ్ల తరబడి ప్రింటింగు ప్రెస్సులో యంత్రం పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. నేను నా బాధంతా వెళ్లబోసుకుని ముగించాక నువ్వు "హలో, ఎవరూ మాట్లాడరేం?" అని ఫోను పెట్టేశావు. పైగా ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే అమ్మాయి, ఈ జబ్బులో రాత కూడా కుంచించుకుపోతుంది, రోజూ పెద్ద పెద్ద అక్షరాలతో ఒక పేజీ రాయండి అంది. ఎలాగూ రాయాలి, అదేదో నిన్ను తిడుతూ రాస్తే చేతికీ మనసుకీ కూడా మంచిది కదా.

సంగతేమిటంటే నాకు నిద్ర లేదు. పడుకుంటే ఒళ్లు బిగుసుకుపోయి పక్కకి తిరగలేను. తిప్పడానికి మీ అక్క లేవాలి. ఎలాగో కాస్త కన్ను మూతపడిందా, కలలు. ప్యాంటు పొట్టిగా కుట్టానని ఎవడో మీదికొస్తాడు, నేను కాలెత్తి తంతాను. తగిలేది మీ అక్కకి. పగలు పక్కనున్న మనిషికి కూడా వినపడని నా గొంతు ఆ కలల్లో మాత్రం వీధంతా వినపడుతోందట. "మీకు ఒంట్లో కాస్త నెమ్మదించినట్టుందే, మాట గట్టిగా వస్తోంది" అని ఎదురింటాయన సంతోషించాడు.

నా సంగతి ఎలా ఉన్నా, మీ అక్కకి కంటి మీద కునుకు లేదు. నేను కదిలితే లేస్తుంది. కదలకపోతే ఎందుకు కదల్లేదా అని లేస్తుంది. మొన్న టీలో ఉప్పు కలిపింది. నిన్న పొయ్యి ముందు నిలబడే కునికిపాటు పడి చెయ్యి కాల్చుకుంది. కట్టు కట్టుకుంటూ నాతో తేల్చి చెప్పింది. "ఆ సూదుల వైద్యం కూడా చూద్దాం. దాంతో కూడా మీకు నిద్ర పట్టకపోతే నేను తమ్ముడింటికి పోయి కొన్నాళ్లు పడుకుంటాను. ఇలాగే సాగితే మీకంటే ముందు నేనే పోతాను" అంది.

సూదుల వైద్యమంటే ఆక్యుపంక్చర్. మా వీధి చివర సైకిలు షాపు పైన ఒక డాక్టరమ్మ చేస్తోంది. మా నరాల డాక్టరుని అడిగితే, కొందరికి నిద్ర బాగుపడిందంటున్నారు, గట్టిగా చెప్పలేను, వెళ్తే వెళ్లండి గానీ నా మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దన్నాడు. జీవితమంతా సూది పట్టుకుని బతికినవాణ్ణి గానీ, నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నాకు సూదంటే భయం. వేలికి గుచ్చుకుంటే కళ్లు తిరుగుతాయి. అంత జాగ్రత్తగా కుట్టడం అందుకే అలవాటైంది.

అక్క వస్తానంటే గేటుకి తాళం వేసి ఇంట్లో లేనని చెప్పు.

నీ
బావ

మా ఇల్లు, వంటగది గట్టు మీంచి (బల్ల మీద ఉతికిన బట్టలున్నాయి)

బావకి,

నీ ఉత్తరం అందింది. మొదటి పేరా గోడ మీద పోస్టరు సైజులో ఉంది. చివరికొచ్చేసరికి మందు సీసాల మీద అచ్చేసే సైజుకి దిగింది. ప్రూఫులు దిద్దే భూతద్దం అటక మీంచి దింపి చదివాను. ఆ వ్యాయామాల అమ్మాయికి నా తరఫున ఫిర్యాదు చెయ్యి.

నీ అవస్థ చదివి చాలా బాధపడ్డాను. సూదుల వైద్యం ఫలించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఒకవేళ ఫలించకపోతే, ఊరికే అంటున్నాను, అక్కకి ఇక్కడ ఏ లోటూ ఉండదు. మేడ మీద గది ఖాళీగానే ఉంది. గాలి బాగా వస్తుంది. వీధి చప్పుడు ఉండదు, కనీసం నాకు ఎప్పుడూ వినపడలేదు. ఊరికే అంటున్నాను.

మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నేనూ గోడగడియారమూ మిగిలాం. గంటలు కొడుతోందని నమ్మకమే గానీ నాకు సాక్ష్యం లేదు. నేను వండింది నేనే తింటున్నాను. ఆ వంట గురించి ఇంతకంటే రాస్తే నీకున్న కాస్త నిద్రా పోతుంది.

ధైర్యంగా వెళ్లు. సూది చూడకుండా పైకప్పు చూడు.

నీ
బామ్మర్ది

మా ఇల్లు, కుట్టుమిషను బల్ల మీంచి

బామ్మర్దికి,

వెళ్లొచ్చాను. పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను, నీ భూతద్దం అటక మీద పెట్టెయ్యి.

ఇరుకు మెట్లెక్కితే బయట ఒక చిన్న గది, అందులో మెత్తలు వేసిన చేతుల కుర్చీ. మీ అక్కని అందులో కూర్చోమన్నారు. లోపల తెర కట్టిన బల్ల, దాని మీద నేను. డాక్టరమ్మ చిన్నపిల్లే, మాట మెత్తన. ముందు సూది చూపించమ్మా అన్నాను. చూపించింది. వెంట్రుకంత సన్నం, కానీ బెజ్జం లేదు. బెజ్జం లేని సూదితో ఏం కుడతావమ్మా అన్నాను. వినపడలేదు పాపం, నవ్వి ఊరుకుంది.

మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర, కనుబొమల మధ్య, చివరికి నడినెత్తిన. కళ్లు గట్టిగా మూసుకుని దెబ్బ కోసం ఎదురు చూస్తుంటే, అయిపోయింది, కదలకండి అంది. నొప్పే లేదు. అంత తేలిక చెయ్యి నా దగ్గర పని నేర్చుకున్న ఒక్కడికీ రాలేదు. కదలకండి అనే మాట నేను ఊరందరికీ చెప్పినవాణ్ణి. ట్రయల్ వేసుకుని నిలబడ్డ పెద్ద పెద్ద ఆఫీసర్లు నా మాటకి ఊపిరి బిగబట్టేవాళ్లు. నేనూ అలాగే పడుకున్నాను. కుడిచెయ్యి మాత్రం ఎవరి మాటా వినదు కదా, సూదితో సహా వణుకుతూనే ఉంది.

ఒకటే ఇబ్బంది. సూదులున్నంత సేపూ బయటి గదిలోంచి గురక. ఎవరి తాలూకు మనిషో గానీ బొత్తిగా మొహమాటం లేదు. కోత మిల్లు నడుస్తున్నట్టే. సూదులు తీయించుకుని బయటికొచ్చి చూద్దును కదా, చేతుల కుర్చీలో మీ అక్క. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కాస్త నోరు తెరుచుకుని. ఉలిక్కిపడి లేచి, నిద్ర పట్టిందా అని అడిగింది.

నిద్రంటావా, బ్రహ్మాండంగా పట్టింది. మీ అక్కకీ అదే చెప్పాను. మళ్లీ వెళ్తున్నాం, వారం వారం వెళ్తాం. గేటు తాళం సంగతి మరిచిపోకు.

నీ
బావ

మా ఇల్లు, మేడ మీంచి

బావకి,

నేను ఉద్యోగంలో సగం కాలం ప్రూఫులు చూశానని మరిచిపోయావు. ఒక పేరాలో, సూదులున్నంత సేపూ గురక విన్నానని రాశావు. కింది పేరాలో, బ్రహ్మాండంగా నిద్రపోయానని రాశావు. రెండింట్లో ఒకటి అచ్చుతప్పు. ఏదో చెప్పు.

నెల తిరక్కుండానే అక్క నాకు ఫోను చేసింది. ఆవిడ మాట నాకు వినపడుతుంది, చిన్నప్పటి నుంచీ నన్ను కేకలేసిన గొంతు కదా. ఈ మధ్య నువ్వు క్లినిక్కులోనే కాదు ఇంట్లో కూడా నిద్రపోతున్నావట. మంచం పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని, ఉన్ని టోపీ పెట్టుకుని, తన్నడం లేదు, అరవడం లేదు, కదలడమే లేదట. తనకి కూడా తెల్లారేదాకా ఒళ్లు తెలియలేదట. సూదుల డాక్టరమ్మని దేవత అంటోంది.

చాలా సంతోషం బావా. నిజంగా సంతోషం. ఎంతో సంతోషం. ఇది ఇలాగే ఉంటుందంటావా? అంటే, ఖాయంగా? వడ్రంగికి ఏం చెప్పాలో తెలియక అడుగుతున్నాను. అది వేరే విషయంలే.

నీ
బామ్మర్ది

మా ఇల్లు, కుట్టుమిషను బల్ల మీంచి, తలుపు గడియ వేసుకుని

బామ్మర్దికి,

వడ్రంగి ఎవరు? ఊరికే అంటున్నాను.

నీ అచ్చుతప్పు సంగతి తర్వాత. ముందు ఒక రహస్యం. కడుపులో పెట్టుకో. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు, అయినా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్నటి సిట్టింగులో డాక్టరమ్మ నా సూదులు తీస్తుండగా పక్క బల్ల మీద పెద్దాయనకి కళ్లు తిరిగాయి. ఆవిడ అటు పరిగెత్తింది. తర్వాత వచ్చి మిగిలినవి తీసి, వారం తర్వాత రండి అంది. ఇంటికొచ్చి తల తడుముకుంటే నడినెత్తిన ఒకటి ఉండిపోయింది.

నేనేమనుకున్నానో తెలుసా? టాకా అనుకున్నాను. ట్రయల్ అయ్యేదాకా బట్ట కదలకుండా వేసే కచ్చా కుట్టు లేదూ, అది. కోటుకి ఒక చోట టాకా వదిలి, వారం తర్వాత మళ్లీ వచ్చి తొడుక్కోండి అని నేను ఎంతమందికి చెప్పలేదు? ఖాతాదారుడు తొందరపడి టాకా పీకేస్తే భుజం దిగిపోతుంది. పని తెలిసిన పిల్ల, నిద్ర నిలబడేదాకా టాకా వదిలింది అనుకుని మెచ్చుకున్నాను.

మరి దాన్ని కాపాడుకోవాలి కదా. దిండుకి తల ఆనిస్తే వంగిపోతుంది. అందుకే కుర్చీలో దిళ్లు పేర్చుకుని కూర్చుంటున్నాను. పైన ఉన్ని టోపీ, సూదికి తగలకుండా బోర్లించిన గిన్నెలాగా ఎత్తి పెట్టుకుంటున్నాను. కూర్చుంటే ఊపిరి బాగా ఆడుతోందని మీ అక్కకి చెప్పాను. ఆవిడ నిద్రపోతోంది, ఇల్లు ప్రశాంతంగా ఉంది. సిట్టింగు రోజు వచ్చేదాకా ఈ సంగతి ఆవిడకి పొక్కిందో, నీకూ నాకూ మాటల్లేవు.

నీ
బావ

మా ఇల్లు, గుమ్మంలో నిలబడి

బావకి,

నీ ఉత్తరం చదివిన మరుక్షణం అక్కకి ఫోను చేశాను. తిట్టుకో. తలలో సూది పెట్టుకుని తిరిగే మనిషి రహస్యం దాచేంత గుండె నాకు లేదు. టాకా అట. నువ్వేమన్నా కోటువా?

నేను నెమ్మదిగానే చెప్పాననుకున్నాను. కానీ ఫోను పెట్టగానే పక్కింటివాళ్లు వచ్చి, మీ బావగారి తల ఎలా ఉందండీ అని అడిగారు.

నీ మంచి కోరే చెప్పానని నువ్వు నమ్మవని తెలుసు. అందుకే రెండోది కూడా చెప్పేస్తున్నాను. నీ మొదటి ఉత్తరం అందిన రోజే అక్క కోసం కొత్త మంచం చెయ్యమని వడ్రంగికి పురమాయించాను. నీకు నిద్ర పట్టాలని ఒక పక్క కోరుకుంటూనే, ఇంకో పక్క మేడ గదికి రంగు వేయించాను. నీకు నిద్ర పట్టిందని అక్క చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు, నేను వండిన అన్నమే అనుకో. ఇంట్లో ఇంకో మనిషి మసిలితే బాగుండునని ఆశపడ్డాను బావా. అంతకంటే ఏమీ లేదు.

సూది తీశారా? ఒక ముక్క రాయి.

నీ
బామ్మర్ది

మా ఇల్లు

బామ్మర్దికి,

తీశారు. మీ అక్క ఫోను పెట్టేసి వచ్చి, నా టోపీ తీసి చూసింది. చెప్పులు వేసుకోండి అంది, అంతే. మా ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

డాక్టరమ్మ మొహం పాలిపోయింది. సూది తీసి, చోటు తుడిచి, తలంతా వెతికి చూసి, పొరపాటు నాదే అని మళ్లీ మళ్లీ అంది. చూడగానే ఎందుకు చెప్పలేదండీ అని అడిగింది. టాకా అనుకున్నానమ్మా అన్నాను. వినపడలేదు. మీ అక్క గట్టిగా చెప్పింది. అప్పుడు తెర అవతలి రోగులందరికీ వినపడింది, ఒకాయన నవ్వుతూ తన తల తడుముకున్నాడు. ఇప్పుడు ఆవిడ సూదులు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ పైకి లెక్కపెడుతోంది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి గుండుసూదుల విషయంలో నేను పెట్టిన నియమమే అది.

ఇక నీ అచ్చుతప్పు. గురక నిజం, నిద్ర అబద్ధం.

ఆ బల్ల మీద నాకు ఒక్క రోజూ నిద్ర పట్టలేదు. కుర్చీలో అసలే పట్టలేదు. కునికితే తల వాలిపోతుంది, టాకా ఊడుతుందని మేలుకునే కూర్చున్నాను. కానీ నేను తన్నలేదు, అరవలేదు. మీ అక్క నిద్రపోయింది. క్లినిక్కులోనూ అంతే. లోపల నేను సూదులతో బల్లకి అతుక్కుని ఉంటాను, లేవను, పడను, పక్కన డాక్టరమ్మ ఉంది. ఆ కాసేపూ నా కాపలా ఇంకొకరిది. అందుకే ఆ చేతుల కుర్చీలో కూర్చోగానే ఆవిడ కళ్లు మూతపడతాయి. ఆ మొదటి రోజు లేచి, నిద్ర పట్టిందా అని అడిగినప్పుడు ఆవిడ మొహం చూశాను. చాన్నాళ్ల తర్వాత మనిషి మొహంలా ఉంది. పట్టలేదంటే మళ్లీ తీసుకురాదు కదా. అందుకని బ్రహ్మాండం అన్నాను.

ఇప్పుడు సూది పోయింది, మళ్లీ మంచం మీదే పడుకోమంది, మళ్లీ పాత కథే. నిన్న మెట్లు దిగుతూ కళ్లు మూతలు పడి తూలింది. నేను పట్టుకోబోయాను. నా చెయ్యి వెళ్లేసరికి ఆవిడే గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడ పడి ఉంటే నేను చూస్తూ నిలబడేవాణ్ణి బామ్మర్దీ.

మంచం చేయించావు కదా. వచ్చి తీసుకుపో. నాకు తోడుగా ఎవరినో ఒకరిని కుదుర్చుకుంటాను. నేను పక్కన లేకపోతే ఆవిడ నిద్రపోతుంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దంతా పట్టింది. అక్షరాలు చిన్నవయ్యాయి, భూతద్దం దింపుకో.

నీ
బావ

మా ఇల్లు, మంచం మీంచి

బావకి,

చదివాను. తర్వాత అక్కకి ఫోను చేసి మొత్తం చదివి వినిపించాను. నీ రహస్యాలు నాకు రాయడం నీ తప్పు.

నేను వచ్చి తీసుకెళ్తాను, బావే తీసుకెళ్లమన్నాడు, నెల రోజులు హాయిగా పడుకుందువు గాని రమ్మన్నాను. అక్క అంది కదా, "అక్కడికొస్తే ఆయన కాలు తగలదు, సరే. కానీ తగలకపోతే నాకేం తెలుస్తుందిరా, పడుకున్నాడో, మంచం మీంచి పడి ఉన్నాడో? అదే ఆలోచిస్తూ నీ కొత్త మంచం మీద మేలుకుని కూర్చోవడానికి అంత దూరం రావాలా?"

తర్వాత ఏమీ వినపడలేదు. ఫోను చెడిపోయిందనుకుని హలో హలో అని అరుస్తూ కూర్చున్నాను. ఏడుస్తోందట. కాసేపయ్యాక తనే చెప్పింది.

అప్పుడు నాకు బుద్ధి వెలిగింది. నేను మంచం చేయించడం వరకు బాగానే చేశాను, వేసే చోటే తప్పు. లారీవాడితో మాట్లాడాను, గురువారం మంచం వస్తుంది, దాని వెనకే నేను. మీ పడకగదిలో నీ మంచం పక్కన వేసుకుంటాను. అక్క ముందుగదిలో తలుపు వేసుకుని పడుకుంటుంది. నీ కొలతల టేపు ఒక కొస నీ మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి. పక్కకి తిరగాలంటే లాగు, లేచి తిప్పుతాను. కలలో ఎవడితోనైనా దెబ్బలాడాలనిపిస్తే గొంతెత్తి దెబ్బలాడుకో, నాకు వినపడదు. నీ గది కాపలాకి నాకంటే తగినవాడు ఎక్కడా దొరకడు. ఇన్నాళ్లకి ఈ చెవులు ఒకరికి పనికొస్తున్నాయి.

ఇల్లు పక్కింటివాళ్లకి అప్పగించాను. గోడగడియారం కూడా వాళ్లకే ఇచ్చాను, కొడుతోందట.

అక్క వంటే తింటానని చెప్పు. ఒప్పుకోకపోతే గిన్నెలు కడుగుతానని కూడా చెప్పు.

నీ
బామ్మర్ది

మీ ఇల్లు, వంటగదిలో నిలబడి

బావకి,

మాట్లాడకు. నేను గుసగుసలాడితే వీధిలోకి వినపడుతుంది, నువ్వు కేకేస్తే నాకు వినపడదు. అందుకని నీ చొక్కా కటింగు కాగితం వెనక రాసి నీ గది తలుపు కింద నుంచి తోస్తున్నాను.

నేను వచ్చి ఇన్ని రోజులైంది, అక్క రోజూ నాకంటే ముందే లేచి ఒకసారి మన గదిలోకి తొంగి చూసి పోతోంది. ఈ రోజు చూడలేదు. ఎండ ముందుగది గుమ్మం దాటి లోపలికొచ్చింది. తలుపు ఇంకా తెరుచుకోలేదు. పాలవాడు వచ్చి గంట కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను, భయపడి వెళ్లిపోయాడు. పొయ్యి వెలిగిస్తే చప్పుడవుతుందేమోనని వెలిగించలేదు. నాకు ఆకలేస్తోంది. నీ తన్నులు తిన్న చోట నొప్పిగానూ ఉంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే వేళ కూడా అవుతోంది. లేపనా?

బామ్మర్ది

కుట్టుమిషను బల్ల మీంచి

బామ్మర్దికి,

లేపావంటే చూడు.

నేను గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లి విన్నాను. నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను. గురక పెడుతోంది. క్లినిక్కు కుర్చీలో పెట్టిన గురక దీని ముందు ఎందుకూ పనికిరాదు. మధ్యలో ఒకసారి ఆగింది, నా గుండె కూడా ఆగింది, మళ్లీ అందుకుంది. కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను.

నా నిద్ర అడగకు. కాస్త కునుకు పట్టింది. సూదుల వల్లో, నువ్వు పక్కనుండబట్టో చెప్పలేను, నరాల డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. అది తర్వాత చూసుకుందాం.

నిన్న మిగిలిన రొట్టె అలమారలో ఉంది, చప్పుడు చెయ్యకుండా నమిలి మింగు. తర్వాత డాక్టరమ్మకి కబురు చెప్పాలి. ఫోను ముట్టుకోకు, నువ్వు మాట్లాడితే ఇల్లంతా లేస్తుంది, నేను మాట్లాడితే ఆవిడకి వినపడదు. చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా వీధిలోకి దిగి నువ్వే వెళ్లి చెప్పిరా. ఈ వేళకి మేము రాలేం, రోగి నిద్రపోతోంది అని చెప్పు.

నీ
బావ